తెలుగు డయాస్పోరా: వలస, గుర్తింపు, హక్కు

కూలి ఒప్పందం మీదో, చదువు కోసమో, ఉద్యోగం కోసమో సముద్రం దాటి వెళ్ళి, వెళ్ళినచోట ఒక సమాజంగా నిలిచిన తెలుగువారినీ వారి సంతతినీ కలిపి తెలుగు డయాస్పోరా అంటున్నారు. దక్షిణాసియా వలసల పెద్ద చరిత్రలో ఇదొక పాయ. భోజ్‌పురి, తమిళ, పంజాబీ, సిల్హెటీ వలసల గురించి రాసినంతగా దీని గురించి ఎవరూ రాయలేదు. చాలా దేశాల్లో తెలుగువారిని ‘మద్రాసీ’లుగానో ఉత్త ‘ఇండియన్లు’గానో లెక్కగట్టడమే అందుకు ముఖ్య కారణం.

పరాయి దేశంలో తెలుగు మిగలడం, మిగలకపోవడం వెళ్ళినవారి భాషాభిమానం మీదే ఆధారపడిందని మనలో ఒక నమ్మకం ఉంది. చరిత్ర దాన్ని సమర్థించదు. ఒకే తీరం నుంచి, ఒకే రకం కరవులు తరిమితే ఓడలెక్కినవారి మనవలు మారిషస్‌లో బడిలో తెలుగు చదువుకుంటున్నారు, ఫిజీలో హిందీలోకి మారిపోయారు, బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చారు. వీరిలో ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ అభిమానం ఉండి ఇలా జరగలేదు. ఆ దేశం ఏ చట్టం చేసింది, పక్కింట్లో ఏ భాషవాళ్ళున్నారు, జనాభా లెక్కల కాగితంలో తెలుగుకో గడి ఉందా లేదా అన్నవే తేడా తెచ్చాయి. వలస సమాజాల ‘గుర్తింపు’ను మనసుకు సంబంధించిన విషయంగా మాత్రమే చూసే రచనలు ఈ భాగాన్ని వదిలేస్తాయి. ఈ వ్యాసం దాన్నే ముందుకు తెస్తుంది.

తీరం, కరవు, ఒప్పందం

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు చట్టం 1833లో వచ్చింది. బానిసలను కోల్పోయిన చెరకు తోటల యజమానులకు నష్టపరిహారం దక్కింది గానీ, పని చేసే మనుషులు కావలసి వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1832-33లో, గుంటూరు సీమను డొక్కల కరవు తుడిచిపెట్టింది. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును ముంచేసింది. 1866లో గంజాం కరవు, 1876-78లో ధాత కరవు. భూమి లేనివారు, అప్పుల్లో ఉన్నవారు, మగ్గం ఆగిపోయినవారు, భర్త పోయిన ఆడవారు మేస్త్రీల మాట నమ్మి రేవులకు నడిచారు. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, తరువాతి కాలంలో ఎక్కువగా మద్రాసు డిపో వారిని ఓడలకు చేర్చాయి.

ఒప్పందం మామూలుగా అయిదేళ్ళు. కూలి ఎంత, బియ్యం ఎంత, పప్పు ఎంత అన్నవి కాగితం మీద ఉండేవి. ఆ కాగితాన్నే ఉత్తరాది కూలీలు గిర్మిట్ అన్నారు. పనికి రాకపోవడం, తోట దాటి వెళ్ళడం నేరాలు, శిక్ష జైలు. వంద మంది మగవారికి నలభై మంది ఆడవారు ఉండాలన్న నియమం పెట్టారు. ఆ నిష్పత్తి తోటల్లో కుటుంబాలను, ఆడవారి భద్రతను ఎలా ఛిన్నాభిన్నం చేసిందో అప్పటి విచారణ నివేదికల్లోనే కనిపిస్తుంది. గోపాలకృష్ణ గోఖలే ఒత్తిడితో 1911లో నేటాల్‌కు కూలీల రవాణా ఆగింది. 1917లో మిగతా దేశాలకూ ఆగింది. ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి.

ఓడ ఎక్కే ప్రతి మనిషికీ ఒక ప్రయాణ పత్రం ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు రాసేవారు. ఇంటిపేరుకు అందులో గడి లేదు. తెలుగువాడి వంశాన్నీ ఊరినీ చాలాసార్లు ఒక్క మాటలో చెప్పే ఇంటిపేరు రేవులోనే రాలిపోయింది. తండ్రి పేరో తాత పేరో పిల్లలకు ఇంటిపేరైంది. ఈనాడు మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికాల్లో అప్పన్న, అప్పలస్వామి లాంటి పేర్లు కుటుంబ నామాలుగా కనిపించడానికి కారణం ఇదే. ఇంటిపేరు పోయినా ఈ పేర్లు ఒక ఆనవాలు వదిలాయి. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకునేది ఎక్కువగా ఉత్తరాంధ్రలో కాబట్టి, ఆ కుటుంబం ఏ దిక్కు నుంచి వెళ్ళిందో చెప్పడానికి కొన్నిచోట్ల ఇంతకు మించిన ఆధారం లేదు.

మారిషస్: బడిలో బతికిన భాష

ఒప్పంద కూలీల పద్ధతిని బ్రిటిష్ ప్రభుత్వం పెద్దయెత్తున పరీక్షించిన మొదటి చోటు మారిషస్. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని పోర్ట్ లూయీలో దించింది. ఆ దశాబ్దం ముగిసేలోపే కోరంగి తీరపు తెలుగువారూ వెళ్ళారు. 1920 దాకా ఆ రేవు గుండా సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు సాగారు. వారు దిగిన మెట్లు, నమోదు చేసిన గదులు నేడు ఆప్రవాసీ ఘాట్ పేరుతో ఉన్నాయి. యునెస్కో దాన్ని 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మనిషికో సంఖ్య వేసిన దస్తావేజులు, 1860ల నుంచి తీసిన ఫోటోలు మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అయిదారు తరాల తరువాతివాళ్ళు ముత్తాత నంబరు పట్టుకొని అక్కడికి వచ్చి, అతని ఊరు పేరు వెతుకుతారు. ఫ్రెంచి, ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి వినిపించినట్టు రాసిన ఊళ్ళ పేర్లను నేటి మండలాల పటంలో గుర్తుపట్టడం చాలా కష్టం. ఈ పనిలో మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు సాయపడాల్సినంత సాయపడలేదు. తీరప్రాంత గ్రామాల పాత పేర్లు, వాటి ఇంగ్లీషు వర్ణక్రమాలు కలిపి ఒక పట్టిక తయారుచేస్తే వందల కుటుంబాలకు మేలు జరుగుతుంది.

మారిషస్‌లో తెలుగువారు చిన్న వర్గం. తోటల్లో భోజ్‌పురి, పట్నంలో క్రియోల్ చుట్టూ ఉండగా ఇంట్లో తెలుగు నిలవలేదు. నేటి తరం ఇంట్లో మాట్లాడేది క్రియోల్, బడిలో చదివేది ఇంగ్లీషు, ఫ్రెంచి. అయినా తెలుగు అక్కడ పోలేదు. అందుకు మూల కారణం రాజ్య వ్యవస్థ. 1968లో స్వాతంత్ర్యం వచ్చిన ఆ దేశం పౌరులను సముదాయాలుగా గుర్తిస్తుంది. జనాభా లెక్కల్లో పూర్వికుల భాష ఏదని అడిగారు. మతం దగ్గర కూడా హిందూ అని కాక తమిళం, తెలుగు, మరాఠీ అని విడిగా చెప్పుకునేవారున్నారు. తెలుగు ఒక మతంగా నమోదయ్యే చోటు మారిషస్. మనకు వింతగా తోచే ఈ ఏర్పాటు వెనుక గట్టి లెక్క ఉంది. హిందువుల పెద్ద సంఖ్యలో కలిసిపోతే చిన్న వర్గానికి బడిలో పీరియడు, రేడియోలో సమయం, రాజకీయాల్లో మాట దక్కవు. విడిగా నిలిస్తే దక్కుతాయి.

దక్కాయి కూడా. ప్రాథమిక పాఠశాలల్లో హిందీ, ఉర్దూ, తమిళం, మరాఠీ, మాండరిన్‌లతో పాటు తెలుగును పూర్వికుల భాషగా నేర్పుతారు. ఉగాది జాతీయ సెలవు దినం. ఊరూరా ఆంధ్ర సభల శాఖలున్నాయి. 1990 డిసెంబరులో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపస్తంభం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనం అక్కడి తెలుగువారి సొంత సంప్రదాయాలు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పలుచబడిన కొన్ని పద్ధతులు అక్కడ గట్టిగా నిలిచాయి. మాట్లాడని భాషను ‘చచ్చిన భాష’ అని కొట్టిపారేసే అలవాటు పండితుల్లో ఉంది. ఏటేటా కొత్త పిల్లలు అక్షరాలు దిద్దుకునే భాషను, పండుగనాడు వేల గొంతులు పాడే భాషను అలా అనడం అన్యాయం. అక్కడ తెలుగు చేసే పని వేరు. మాకొక మూలం ఉంది, మేము లెక్కలో ఉన్నాం అని చెప్పడమే దాని పని.

మారిషస్ తెలుగు సంతతి కథ ప్రపంచ సాహిత్యంలోకి ఫ్రెంచి భాషలో వెళ్ళింది. 1973లో పుట్టిన నాతాషా అప్పన్న తొలి నవల ‘లే రోషే ద పూద్ర్ దోర్’ 2003లో వచ్చింది. ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరిన భారతీయుల కథ అది. తన తాత ముత్తాతల ప్రయాణాన్ని ఆమె 2023లో ‘లా మెమ్వార్ దెలవే’ అన్న పుస్తకంలో మళ్ళీ వెతికారు. ఈ రెండూ తెలుగులోకి రావలసిన పుస్తకాలు.

పౌరసత్వపు తలుపు ఇటువైపు కూడా ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతికి జీవితకాల వీసా హక్కు ఇచ్చే ఓసీఐ పథకాన్ని భారత ప్రభుత్వం 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభించింది. నాలుగు తరాల పరిమితి పెట్టడంతో మొదటి ఓడల్లో వెళ్ళినవారి సంతతిలో చాలామంది దానికి అనర్హులయ్యారు. ముందు వెళ్ళినవారు ముందే దూరమయ్యారన్నమాట. మారిషస్‌వాసులకు ఏడో తరం దాకా ఆ అర్హత ఇస్తున్నట్టు 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రకటించారు.

దక్షిణాఫ్రికా, ఫిజీ

నేటాల్‌కు తొలి కూలీలను తెచ్చిన ట్రూరో ఓడ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది. 1911 వరకు మొత్తం 1,52,184 మంది వెళ్ళారు. మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి వెళ్ళిన తమిళులు, తెలుగువారు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌండ్ల తలపన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. గాంధీ నాయకత్వంలో 1913లో జరిగిన పెద్ద సమ్మెకు అది ప్రధాన కారణం. మరుసటి ఏడు ఆ పన్ను రద్దయింది.

అక్కడి ప్రభుత్వానికి తమిళుడు, తెలుగువాడు, గుజరాతీ అన్న తేడాలు అక్కర్లేదు. అందరూ ఇండియన్లే, అందరూ పరాయివాళ్ళే. 1927 కేప్‌టౌన్ ఒప్పందం కింద డబ్బిచ్చి మరీ వెనక్కు పంపారు. 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం రంగును బట్టి నివాస ప్రాంతాలు విభజించింది. ఊళ్ళ మధ్య ఇళ్ళు, దుకాణాలు, గుళ్ళు వదిలి భారతీయులు చాట్స్‌వర్త్ లాంటి టౌన్‌షిప్‌లకు తరలిపోవలసి వచ్చింది. వందేళ్ళుగా అక్కడున్నవారిని ఆ దేశపు శాశ్వత జనాభాగా ప్రభుత్వం ఒప్పుకున్నది 1961లోనే. పైనుంచి రుద్దిన ఆ ‘ఇండియన్’ ముద్ర క్రమంగా లోపలినుంచీ నిజమైంది. పెళ్ళిళ్ళు కలిశాయి, వంటలు కలిశాయి, తెలుగు కుటుంబాలు తమిళ నెల పురటాసిలో గోవిందుడికి ఉపవాసాలుండడం మామూలైంది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది.

1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ ఈ ప్రవాహానికి ఎదురీదింది. వారాంతపు తెలుగు బళ్ళు, పాటల పోటీలు, నాటకాలు నడిపింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని పాడే తెలుగు భజనలు నేటికీ దాని సభల్లో వినిపిస్తాయి. వర్ణవివక్ష పోయాక 1996లో వచ్చిన రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, దేశంలోని సముదాయాలు వాడే ఏ భాషలకు గౌరవం కల్పించాలో చెబుతూ గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగు పేరు రాసింది. భారతదేశం బయట ఒక రాజ్యాంగంలో మన భాష పేరు ఉండడం చిన్న సంగతి కాదు. ఆ పేరు రాసేనాటికి అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్ళు దాదాపు లేవన్నదీ అంతే నిజం.

ఫిజీకి మద్రాసు ఓడలు ఆలస్యంగా, 1903 నుంచి వెళ్ళాయి. 1879 నుంచే కలకత్తా ఓడల్లో చేరినవారు అప్పటికే ఫిజీ హిందీ అనే ఉమ్మడి భాషను తయారుచేసుకున్నారు. మొత్తం అరవై వేల పైచిలుకు కూలీల్లో దక్షిణాదివారు సుమారు నాలుగోవంతు. తమిళులు, తెలుగువారు, మలయాళీలు కలిసి 1926లో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం పెట్టారు. తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగంగా విడిగా నిలిచారు. ఈ సంఘాలు కట్టిన బళ్ళు ఫిజీ చదువులో పెద్ద భాగం. అన్ని జాతుల పిల్లలూ అక్కడ చదివారు. తెలుగు మాత్రం పెద్దవాళ్ళతోనే పోయింది. పైగా ఫిజీలో వారికి భాష కన్నా పెద్ద సమస్య భూమి. చెరకు రైతులు సాగుచేసే నేలలో ఎక్కువ భాగం మూలవాసుల ఉమ్మడి భూమి, కౌలుకు మాత్రమే దొరుకుతుంది. ముప్ఫయ్యేళ్ళ కౌళ్ళు 1997 నుంచి ముగియసాగాయి. 1987, 2000 తిరుగుబాట్లు భారతీయుల ఆధిక్యం ఉన్న ప్రభుత్వాలను కూల్చాయి. వేలమంది ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడాలకు రెండోసారి వలస పోయారు. సిడ్నీలో ఫిజీ నుంచి వచ్చిన తెలుగు సంతతి, హైదరాబాదు నుంచి వచ్చిన తెలుగు ఇంజనీరు ఒకే గుడిలో నిలబడతారు గానీ ఇద్దరికీ ఉమ్మడి భాష ఇంగ్లీషో హిందీయో అవుతుంది. 1987లో తొలి తిరుగుబాటు చేసిన సితివేని రబుకా, ప్రధానిగా 2023 మేలో, గిర్మిటియాల సంతతికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

బర్మా: వెళ్ళడం సులువు, ఉండడం కాదు

ఉత్తరాంధ్రలో రంగూన్‌ను రంగం అన్నారు. రంగం వెళ్ళిన మనిషి నాలుగేళ్ళకో అయిదేళ్ళకో డబ్బుతో వస్తాడని ఇళ్ళల్లో ఎదురుచూసేవారు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం తీరం నుంచి స్టీమరు కొద్ది రోజుల ప్రయాణం. ఒప్పంద కూలీల ఓడల్లా కాక ఇక్కడ మేస్త్రీ అప్పు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, కూలిలో కోసుకునేవాడు. బియ్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసే పనిలో, రిక్షాలు లాగే పనిలో తెలుగువారే ఎక్కువ. వారిని అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగర జనంలో సగానికి పైగా భారతీయులు.

1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల సరుకు దించే గుత్తేదారులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమై తెలుగు కూలీలు తిరిగి వచ్చేసరికి బర్మీయులను పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందకు పైగా మనుషులు చచ్చిపోయారు; వారిలో ఎక్కువమంది తెలుగువారు. దీన్ని జాతి వైరంగా మాత్రమే చెప్పే పుస్తకాలున్నాయి. మూలంలో అది తక్కువ కూలికి ఇద్దరు పేదలను పోటీ పెట్టిన రేవు వ్యాపారం చేసిన పని.

1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి పరిపాలనాపరంగా విడదీశారు. ఒక్క రోజులో తెలుగువారు సొంత సామ్రాజ్యంలోనే పరాయి దేశస్థులయ్యారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా కాలినడకన బయలుదేరారు. కలరా, మలేరియా, ఆకలి దారిపొడవునా ప్రాణాలు తీశాయి. డబ్బున్నవారికి ఓడలు, విమానాలు దొరికాయి, కూలీలు నడిచారు. యుద్ధం తరువాత తిరిగి వెళ్ళినవారిని 1962లో అధికారం చేజిక్కించుకున్న నే విన్ ప్రభుత్వం మళ్ళీ కదిలించింది. దుకాణాలు, మిల్లులు జాతీయం చేసింది. నగలు, డబ్బు వెంట తీసుకుపోనివ్వలేదు. 1960ల్లో లక్షల సంఖ్యలో వచ్చిన ఈ కాందిశీకుల్లో కొందరికి విశాఖపట్నంలో చోటిచ్చారు. కంచరపాలెం ప్రాంతంలోని బర్మా క్యాంపు ఆ పేరుతోనే నేటికీ ఉంది. రంగూన్‌లో పుట్టిన పిల్లలకు అది తిరిగి రావడం కాదు. వాళ్ళకు తెలుగు వచ్చు గానీ ఈ ఊరు తెలియదు. ఇక్కడివారు వాళ్ళను చాలాకాలం ‘బర్మావాళ్ళు’ అనే అన్నారు.

మయన్మార్‌లో ఉండిపోయిన తెలుగు కుటుంబాలు బర్మీయ పేర్లు పెట్టుకున్నాయి. 1823కు ముందునుంచి ఆ నేలపై ఉన్న జాతులనే సహజ పౌరులుగా గుర్తించే 1982 చట్టం వీరిని రెండో తరగతికి నెట్టింది.

మలేసియా కథ ఇంత తీవ్రమైనది కాదు గానీ అక్కడా ఒక మరుగుపాటు ఉంది. రబ్బరు, కొబ్బరి తోటలకు కంగాణీలనే మేస్త్రీలు తెచ్చిన దక్షిణాదివారిలో తమిళులే అత్యధికులు. తోట బడి తమిళ బడి, రేడియో తమిళ రేడియో, పత్రిక తమిళ పత్రిక. ‘ఇండియన్’ అంటే తమిళుడని అక్కడి వ్యవహారం. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దతొ లాంటి చోట్ల తెలుగువారు గుంపుగా ఉండబట్టి భాష నిలిచింది. చెదిరిన చోట తమిళంలో కలిసింది. 1955లో ఏర్పడిన ఆంధ్ర సంఘం తరువాత మలేసియా తెలుగు సంఘమై వారాంతపు తరగతులు, ఉగాది వేడుకలు నడుపుతోంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలకు కౌలాలంపూర్ వేదికైంది. తోటలు ఇళ్ళ స్థలాలుగా మారుతున్నకొద్దీ తోటలైన్లలో పుట్టిన తెలుగు పలుకుబడి చెదిరిపోతోంది.

అమెరికా: చదువు మీద వెళ్ళినవారు

1917 నుంచి అమెరికా చట్టం ఆసియా వలసలకు తలుపు మూసింది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అదే ఏడాది బోస్టన్‌లో దిగాడు. వైద్యశాస్త్రానికి ఎంతో చేసిన ఆ మనిషి అమెరికా పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశాడు. 1946లో ఏడాదికి వంద మంది కోటాతో తలుపు కాస్త తెరుచుకుంది. 1965 చట్టం దాన్ని పూర్తిగా తెరిచింది.

ఆ చట్టం మనుషులను చదువు జల్లెడ పట్టి తీసుకుంది. ఆంధ్ర, గుంటూరు, ఉస్మానియా వైద్య కళాశాలల డాక్టర్లు, ఇంజనీర్లు మొదట వెళ్ళారు. చెరకు తోటల వలసకూ దీనికీ ప్రధానమైన తేడా వర్గం, కులం. భూమి, చదువు రెండూ ఉన్న కులాలే ఎక్కువగా వెళ్ళగలిగాయి. 1976లో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో శ్రీ వేంకటేశ్వరాలయం వెలసింది. 1977లో న్యూయార్క్‌లో తొలి ఉత్తర అమెరికా తెలుగు మహాసభ జరిగింది. దాని నుంచే తానా రూపుదిద్దుకుంది. తరువాత ఆటా, నాట్స్ వగైరా సంఘాలొచ్చాయి. ఈ చీలికల్లో కులం పాత్ర ఉందన్న మాట అక్కడి తెలుగువారే దాచుకోకుండా చెబుతారు. కులం సముద్రం దాటదని నమ్మేవారికి సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ జవాబు. కవి శివసాగర్‌గా తెలుగువారికి తెలిసిన కె.జి. సత్యమూర్తి ఆమె మేనమామ. ఆయన జీవితం, తల్లి జీవితం ఆ పుస్తకంలో ఉన్నాయి. రాసేనాటికి ఆమె న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అలాంటి బిల్లును గవర్నరు తిప్పికొట్టాడు. ఈ రెండు సందర్భాల్లోనూ అనుకూలంగా, ప్రతికూలంగా గొంతెత్తినవారిలో మన దేశం నుంచి వెళ్ళినవారే ముందున్నారు.

రెండో పెద్ద అల 1990 చట్టం తెచ్చిన హెచ్‌-1బి వీసాతో, 2000 సంవత్సరపు కంప్యూటర్ సమస్యతో లేచింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, చిలుకూరు బాలాజీకి నూటెనిమిది ప్రదక్షిణలు, కన్సల్టెన్సీలు ఆ కాలపు గుర్తులు. ఈ కన్సల్టెన్సీల వ్యవస్థను పరిశీలించిన చైనా మానవ శాస్త్రవేత్త షియాంగ్ బియావ్, తెలుగు ఇళ్ళల్లో కట్నం డబ్బు కంప్యూటర్ చదువుకు, వీసాకు పెట్టుబడిగా ఎలా మారిందో 2007లో వచ్చిన తన పుస్తకంలో చూపించాడు. వలస వెళ్ళే అబ్బాయి ఖర్చు వెళ్ళని అమ్మాయిల పుట్టింటివారు మోశారన్నది అందులోంచి తేలే కఠినమైన విషయం. 2010-2017 మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారు; పెద్ద భాషల్లో అంత వేగం మరోదానికి లేదు.

అక్కడి పిల్లల బతుకులో తెలుగు వారాంతపు భాష. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి తరగతులు వేల మందికి చదవడం, రాయడం నేర్పాయి. కూచిపూడి అరంగేట్రాలు, బతుకమ్మలు, సంక్రాంతి ముగ్గులు పెద్ద హాళ్ళలో జరుగుతాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక తెలంగాణ యాస, పండుగలు, వంటలు విడిగా వేదికెక్కాయి. ఒకే మూసలో పోసిన ‘తెలుగు సంస్కృతి’కి ఇది అవసరమైన దిద్దుబాటు. సాహిత్యంలోనూ పంట ఉంది. 1998లో అంతర్జాలంలో మొదలైన ‘ఈమాట’ పత్రిక ఖండాంతర తెలుగు రచయితలను ఒకచోట చేర్చింది. 1971 నుంచి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన వెల్చేరు నారాయణరావు అనువాదాలు మన ప్రాచీన కవులను ఇంగ్లీషు పాఠకుల చేతుల్లో పెట్టాయి. తొలి డయాస్పోరా కథల్లో ఇంటి బెంగ, అమెరికా మీద ఫిర్యాదు ఎక్కువ. తరువాతి కథల్లో పిల్లల పెళ్ళిళ్ళు, వృద్ధ తల్లిదండ్రులు, లేఆఫ్‌లు, విడాకులు వచ్చాయి. ఆ దేశంలో ఉంటున్న మనుషులు రాసిన కథలవి; దాటిపోతున్నవారు రాసినవి కావు.

చదువు, జీతం పెట్టని కోట కాలేదు. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా అయిన రాత్రే, అక్కడే పుట్టిన ఆమెను విదేశీయురాలని దూషిస్తూ సందేశాలు వెల్లువెత్తాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతలో ఒక తెలుగు ఇంజనీరును, నా దేశం వదిలి పొమ్మని అరుస్తూ కాల్చి చంపారు. ఏ దేశంవారికీ ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో 7 శాతం మించకూడదన్న నియమం వల్ల భారతీయుల వరుస దశాబ్దాలు పడుతుంది. పసితనంలో తల్లిదండ్రులతో వెళ్ళిన పిల్లలు 21 ఏళ్ళు నిండగానే ఆ వరుసలోంచి జారిపోతారు. వేరే వీసా దొరక్కపోతే పెరిగిన దేశం వదలాలి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు.

గల్ఫ్: డయాస్పోరాలో చోటు దక్కనివారు

ప్రవాస తెలుగువారంటే మన పత్రికలకు, ప్రభుత్వాలకు ముందు గుర్తొచ్చేది అమెరికా. గల్ఫ్ కార్మికులను డయాస్పోరాగా చాలామంది పరిశోధకులు లెక్కించరు, వాళ్ళు తిరిగొచ్చేవారు కదా అని. ఇరవై, ముప్ఫయి ఏళ్ళు అక్కడ గడిపిన మనిషిని తాత్కాలికం అనడం ఆ దేశాల చట్టం మాట. మనం దాన్ని అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో నిర్మాణాలు ఊపందుకున్నాయి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, సిరిసిల్ల మగ్గాల దగ్గర్నుంచి, బావులెండిన జగిత్యాల పల్లెల నుంచి మగవాళ్ళు దుబాయ్, సౌదీ బాట పట్టారు. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవారు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళారు. వాళ్ళ జీవితం కొన్ని అరబ్బీ మాటల చుట్టూ తిరుగుతుంది. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. అతని అనుమతి లేకుండా పని మారడం చాలాకాలం కుదరలేదు. అకామా, అంటే నివాస అనుమతి, ఉంటే చట్టబద్ధం. అది పోతే కల్లివెల్లి, అంటే ఏ కాగితమూ లేని మనిషి. ఖద్దామా (ఇంటిపని) వీసా మీద వెళ్ళిన ఇల్లాలు యజమానిని బాబా అని, అతని భార్యను మామా అని పిలుస్తూ వాళ్ళ పిల్లలను పెంచుతుంది. సొంత పిల్లలను ఊళ్ళో అమ్మమ్మ పెంచుతుంది. 2018లో కువైట్, ఎమిరేట్స్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా బయటపడేందుకు రాయబార కార్యాలయాల ముందు నిలబడ్డవారిలో తెలుగువారు చాలామంది.

ఇక్కడ భాష పోయే సమస్య లేదు. దుబాయ్‌లోని సోనాపూర్ కార్మికుల క్యాంపు గదుల్లో ఒకే మండలంవాళ్ళు కలిసి ఉంటారు, వండుకుంటారు, సెలవు రోజున తెలుగు సినిమా చూస్తారు, దసరాకు బతుకమ్మ ఆడేవారిని చూడబోతారు. సంస్కృతి చెక్కుచెదరకుండా ఉంది. హక్కు మాత్రం ఏమీ లేదు. అమెరికా తెలుగు సంఘాలు లక్షల డాలర్లతో సభలు జరుపుతుంటే, గల్ఫ్‌లోని తెలుగు సంఘాలు చందాలు వేసుకొని శవపేటికలకు విమానం టికెట్లు కొంటాయి. జైళ్ళలో ఉన్నవారికి లాయర్లను వెతుకుతాయి. మన డయాస్పోరా చరిత్రలో ఈ సేవకు పెద్ద అధ్యాయం రాయాలి. ఈ కుటుంబాల ఏళ్ళనాటి డిమాండ్ల తరువాత 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం మొదలుపెట్టింది.

జీతం కాస్త ఎక్కువున్న మేస్త్రీలు, అకౌంటెంట్లు, నర్సులు, ఇంజనీర్లు కుటుంబాలను తీసుకెళ్ళగలిగారు. వారి పిల్లలు దుబాయ్, మస్కట్, కువైట్ ఆసుపత్రుల్లో పుట్టారు, అక్కడి ఇండియన్ స్కూళ్ళలో సీబీఎస్ఈ చదివారు, ఇంటర్ అయ్యాక ఎన్నారై కోటాలో ఇంజనీరింగుకు హైదరాబాదో విజయవాడో వచ్చారు. ఆ దేశాల్లో పుట్టుక పౌరసత్వం ఇవ్వదు, ఎన్నేళ్ళ నివాసమైనా దాదాపు ఇవ్వదు. తండ్రి ఉద్యోగం ముగిస్తే అకామా ముగుస్తుంది. అప్పుడు ఆ పిల్లలు పుట్టి పెరిగిన ఊరు చూడాలంటే విజిట్ వీసా తీసుకోవాలి.